చారల క్రోషే టాప్: రెండు వరసలకో రంగు పెట్టుకోండి, సగం తిప్పలు తగ్గుతాయి

నెల్లూరు ఎండల్లో వేసుకునేలా క్రోషేతో రంగురంగుల చారల టాప్ అల్లాలని ఉంది, ఊలు కొనాలా నూలు కొనాలా, రంగు మార్చిన ప్రతిచోటా మిగిలే కొసల్ని ఏం చేయాలి అని అడిగారు. మాది ఒంగోలు. ఎండలోనూ ఉక్కలోనూ మీకూ మాకూ తేడా ఏం లేదు. పోయిన వేసవిలో మా అక్క కూతురికి చేతుల్లేని చారల టాప్ అల్లాను కాబట్టి చేసి చూసిన సంగతే చెప్తాను.

కళ్ళు మూసుకుని నూలే కొనండి. షాపుల్లో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు అక్రిలిక్. రంగులు మెరుస్తాయి, చవక కూడా, కానీ చెమట పీల్చదు. క్రోషే మన వాతావరణానికి పనికిరాదని ఎవరైనా అంటే నరసాపురం లేసు గుర్తుచేయండి. తీరప్రాంతపు ఆడవాళ్ళు తరతరాలుగా నూలుదారంతో అల్లుతున్నది ఈ క్రోషేనే. 2024లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అయితే లావు నూలు వద్దు. ఆ బరువుకి టాప్ రోజురోజుకీ కిందికి సాగుతుంది. 4 ప్లై అని అమ్మే సన్న నూలు, 3 మిల్లీమీటర్ల క్రోషే సూది (కొస కొక్కెంలా ఉండేది) సరిపోతాయి. ఒకే రంగువి రెండు మూడు ఉండలు కొంటుంటే లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) ఒకటేనా అని చూసుకోండి.

ఇక కొసల సంగతి. మీ టెన్షనంతా దీని గురించే కదా. ఒక్కో రంగు రెండేసి వరసలు అల్లితే వెళ్ళిన దారం తిరిగి బయల్దేరిన అంచుకే వస్తుంది. అంటే కొసలన్నీ ఒకవైపే పడతాయి. నేను ముదురు నీలాన్ని ప్రతి రంగు తర్వాతా వచ్చేలా పెట్టుకున్నాను: నీలం, మామిడిపండు పసుపు, నీలం, చిలకాకుపచ్చ, నీలం, వంగపండు రంగు... ఇలా. నీలాన్ని తెంచకుండా అంచు వెంబడే పైకి తెచ్చుకున్నాను, మిగతావే కత్తిరించాను. పైకి తెచ్చే దారాన్ని బిగించి లాగకండి, ఆ పక్క ముడుచుకుపోతుంది. ముందు భాగం, వెనక భాగం విడివిడిగా అల్లితే కొసలున్న అంచు పక్క కుట్టులోకి వెళ్ళిపోతుంది. అయినా ఒక్కో కొసని జానెడు వదిలి, మొద్దు సూదితో అదే రంగు కుట్లలో అటూ ఇటూ రెండు మూడుసార్లు దూర్చండి. నూలు జారుడుగా ఉంటుంది, ఒక్కసారి దూరిస్తే ఉతుకులో బయటికొస్తుంది.

సన్న చారలే కావాలంటే మూడు రంగులు తీసుకుని వరసకొకటి అల్లండి. నాలుగో వరసకి మొదటి రంగు మీ చేతి దగ్గరే ఉంటుంది, తెంచాల్సిన పనే లేదు. రెండు రంగులతో ఇది కుదరదు, అవసరమైన దారం అవతలి అంచున ఉండిపోతుంది.

రంగు ఎక్కడ మార్చాలన్నది చాలా ముఖ్యం. కొత్త వరస మొదలుపెట్టేటప్పుడు కాదు, పాత వరస చివరి కుట్టు పూర్తికాక ముందే మార్చాలి. ఆ కుట్టులో సూది మీద రెండు లూపులు మిగిలినప్పుడు ఆగండి. పాత దారం వదిలేసి, కొత్త రంగుని సూదికి తగిలించి ఆ రెండింట్లోంచి లాగండి. ఇప్పుడు సూది మీదున్న లూపు కొత్త రంగుది. చార అంచు శుభ్రంగా వస్తుంది, పాత రంగు చుక్క పైకి పొడుచుకు రాదు.

రంగులు ఎంచుకున్నాక ఉండలన్నీ పక్కపక్కన పెట్టి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. రెండు రంగులు ఒకే బూడిదరంగులా కనిపిస్తే వాటిని పక్కపక్క చారలుగా పెట్టకండి, దూరం నుంచి కలిసిపోతాయి. ఎరుపు, నీలం దారాల్ని ముక్క తడిపి తెల్లగుడ్డ మీద అదిమి చూడండి. రంగు అంటితే తెలుపు పక్కన అసలు వద్దు.

కొలతకి ముందు 10 సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి, ఉతికి, ఆరాకే కొలవండి. ఆ కొలతతోనే మొదటి గొలుసుకి, అంటే అల్లిక మొదలుపెట్టే వరసకి, ఎన్ని కుట్లో లెక్క కట్టండి. టాప్ పూర్తయ్యాక దండెం మీద వేలాడదీయకుండా నీడలో నవారు మంచం మీద పరిచి ఆరేయండి. మీ కొలతలు, అనుకుంటున్న రంగులు ఇక్కడ పెడితే చారల వరుస నేను వేసి పంపుతాను.