ప్రోబయోటిక్ సంగతి తర్వాత.. ముందు ఆపేసిన మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 38. ఏడాదిగా కడుపుబ్బరం, గ్యాస్. రోజూ పరగడుపున పాంటోప్రజోల్ వేసుకుంటాను. నాలుగు నెలల క్రితం డిప్రెషన్ అని సైకియాట్రిస్టు ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. రాశారు. పేగుల్లోని బ్యాక్టీరియా తేడా వల్లే డిప్రెషన్ వస్తుందని విని, పది రోజుల క్రితం ఆ మాత్ర మానేసి, మేలు చేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. ఇప్పుడు తల తిరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. మూడు నెలల్లో 5 కిలోలు తగ్గాను. ఏ ప్రోబయోటిక్ మంచిది?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

సలహా: మీరు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టింది ఉన్నట్టుండి మానేసిన మాత్ర. ఎస్సిటలోప్రామ్ నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే తల తిరగడం, తల లోపల కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు. మీవి అవే కావచ్చు, జబ్బు తిరగబెట్టడమూ కావచ్చు. మిమ్మల్ని చూసి తేల్చాల్సిన విషయమిది. ఒకటి రెండు రోజుల్లో మీ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. ఈలోగా మిగిలిన స్ట్రిప్పు తీసి మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టకండి. నిజంగా ఆపాల్సి వస్తే కొన్ని వారాల పాటు మోతాదు తగ్గిస్తూ ఆపుతాం. చెప్పకుండా మానేశారు, అదే తప్పమ్మా.

మీరు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. బెల్జియంలో వెయ్యి మందికి పైగా మలం నమూనాలు పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్నవాళ్లలో కోప్రోకోకస్, డయాలిస్టర్ అనే బ్యాక్టీరియా తక్కువగా కనిపించాయి. అవి తగ్గి దిగులు వచ్చిందా, దిగులుతో తిండి సరిగా తినక అవి తగ్గాయా అన్నది అలాంటి అధ్యయనంతో తేలదు. పైగా మందుల షాపు క్యాప్సూల్స్‌లో సాధారణంగా ఉండేవి ఆ రెండూ కావు, లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం అనే వేరే రకాలు. మన మూడ్‌తో సంబంధం ఉన్న రసాయనం సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్న మాటా నిజమే. కానీ అది రక్తంలోంచి మెదడులోకి దాటదు.

5 కిలోలు మీరు కావాలని తగ్గించుకున్నవి కాకపోతే, దాన్ని దిగులు ఖాతాలో వేసి వదిలేయకూడదు. ఫిజీషియన్‌కి చూపించుకుని సీబీసీ (రక్తకణాల లెక్క), షుగర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బి12 చేయించండి. తిండిలోని బి12 విడివడాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. పాంటోప్రజోల్ తగ్గించేది ఆ యాసిడ్‌నే. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, ముఖ్యంగా శాకాహారులైతే, బి12 పడిపోవచ్చు. నీరసం, దిగులు దాంతోనూ వస్తాయి. అలాగని పాంటోప్రజోల్‌నీ రేపే ఆపేయకండి, యాసిడ్ ఒక్కసారిగా ఎగదన్ని మంట ఎక్కువవుతుంది. మలం నల్లగా వచ్చినా, మింగడం కష్టమైనా ఆగకుండా వెళ్లండి.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగు రోజూ ఒక కప్పు తినండి. ఆకుకూరలు, పప్పులు కొద్దికొద్దిగా పెంచండి. ఒకేసారి పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది. ఇవి మందుతో పాటు చేయాల్సినవి, మందు బదులు కాదు.

చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పి దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్నవి, మానేసినవి, ప్రోబయోటిక్‌తో సహా స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి.