ఆ అంచు మీద ఇస్త్రీ పెట్టకండి

మీ అత్తయ్య గారిచ్చిన పాత గూచీ ఫ్లోరా స్కార్ఫ్ (ఇటలీ ఫ్యాషన్ కంపెనీ గూచీ వాళ్ల పూల బొమ్మల పట్టు స్కార్ఫ్) అంచులు ఉబ్బుగా ఉన్నాయి, కుట్లు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నాయి, నకిలీయేమోనని టెన్షన్ పడుతున్నారు కదండీ. చేత్తో మడత చుట్టి కుట్టిన అంచు అలాగే ఉంటుంది. దాన్ని ఇస్త్రీతో అణిచేస్తే ఆ అందమే పోతుంది. మధ్యభాగాన్ని మాత్రం తిరగేసి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి, తక్కువ వేడితో చేయండి. ఇంట్లో ఉతకొద్దు, రంగు దిగొచ్చు. పట్టు బట్టలు బాగా తెలిసిన డ్రైక్లీనింగ్ వాళ్లకివ్వండి.

అంచు ఒక్కటే చూసి అసలుదని చెప్పలేం. పూలలో ‘వి. అకోర్నెరో’ సంతకం కోసం వెతకండి. 1966లో మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ కోసం గూచీ కుటుంబానికి చెందిన రొడోల్ఫో గూచీ ఈ పూల బొమ్మ వేయించింది చిత్రకారుడు విట్టోరియో అకోర్నెరో చేతనే. సంతకాన్నీ కాపీ కొడతారు కాబట్టి గీతల్ని భూతద్దంతో చూడండి. మంచి అచ్చులో సన్నటి కాడలు కూడా స్పష్టంగా ఉంటాయి, రంగులు ఒకదాని మీదకొకటి జరగవు. ఇలాంటి స్కార్ఫుల్ని అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో జాలీ తెర వాడతారు. ఇటలీలో కోమో సరస్సు ఊళ్లు ఈ పట్టు పనికే పేరుపడ్డాయి. అన్ని రంగులూ గీత తప్పకుండా కూర్చోవడం నాకెప్పుడూ అబ్బురమే. అంచు, సంతకం దగ్గరగా ఫోటోలు తీసి పెట్టండి, చూస్తాను.