గ్రానైట్ దుమ్ముకు దస్తీ చాలదు
తమ్ముడూ, కరీంనగర్‌లో గ్రానైట్ కోసే మీ అన్నకు దగ్గు తగ్గట్లేదు, క్యాన్సరా అని అడిగావు. దగ్గు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు, టెన్షన్ పడకు. కానీ ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. దానికంటే ముందు సిలికోసిస్ (ఈ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), టీబీల భయం ఎక్కువ. అందుకే పెద్దాసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష చేయించండి. ఏం పని, ఎన్నేళ్లుగా అనేది డాక్టర్ అడగకపోయినా చెప్పండి.

దస్తీ కట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు మొహానికి బిగుతుగా ఉండాలి. అసలు మందు బ్లేడు మీద నీళ్లు పడుతుండగా కోయడమే. ఓనర్ ఖర్చంటాడు, అయినా అడగండి. బీడీ అలవాటుంటే వెంటనే మానాలి, దుమ్ము, బీడీ రెండూ కలిస్తే ముప్పు పెరుగుతుంది. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉందా? సిలికోసిస్ దాని వృత్తి వ్యాధుల (పని వల్ల వచ్చే జబ్బుల) జాబితాలో ఉంది, కాగితాలు జాగ్రత్త.