పర్లాకిమిడిలో దొరికిన పొట్టి ఒత్తి తుపాకి: అసలుదా, కోసిందా?

పర్లాకిమిడిలో మీకు దొరికిన తుపాకి మొదటినుంచీ పొట్టిదేనా అని అడిగారు. బహుశా అది పొడవాటి తోడేదారును (మండే ఒత్తితో పేల్చే మన దేశపు తుపాకి) కోసినదే అయి ఉంటుంది. అమ్మే ఆయన చెప్పిన ‘గుర్రపు రౌతు తుపాకి, అందుకే పొట్టి’ మాటను పక్కన పెట్టండి.

1. ముందు అది ఖాళీదో కాదో తేల్చండి. మూతి మీ వైపు తిప్పకుండా గొట్టంలోకి సన్నటి కర్ర దించి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. గుర్తు మూతి దగ్గరికి వచ్చేలా అదే కర్రను గొట్టం బయట ఆనించి చూడండి. కొస రంజకపు బెజ్జం (నిప్పు లోపలికి వెళ్లే రంధ్రం) దాకా రాకపోతే లోపల పాత తుపాకి మందు ఉండొచ్చు. కెలకొద్దు, వేడి చెయ్యొద్దు.

2. అందరూ నగిషీ చూస్తారు, మూతి చూడరు. అసలు మూతి చాలావాటిలో కాస్త ఉబ్బుగా, అంచు కట్టుతో, పైన గురి చూసే గింజతో ఉంటుంది. గింజ లేకుండా అంచు బల్లపరుపుగా ఉన్నా, నగిషీ సగంలో తెగినా కోసినట్టే. కింది చెక్క కొస కూడా చూడండి: రంపం గాటు, గొట్టాన్ని చెక్కకు బిగించే చివరి కట్టు మూతికి మరీ దగ్గరగా ఉండటం. మూతి పగిలితే పూర్వమే కోసి వాడుకున్నవీ ఉన్నాయి. అవి నాకిష్టమే, ధర మాత్రం తగ్గాలి.

3. రంజకపు బెజ్జం లోపలిదాకా తొలిచి లేకపోతే అది షోకేసు బొమ్మ కావచ్చు.

4. పాతదైతే లైసెన్సు అక్కర్లేదనుకోకండి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, రిపేరు చేసినా పేలని వాటికే. కొనేముందు కలెక్టరేట్‌లో అడగండి.