బెంగళూరు బ్లూ ద్రాక్ష వేస్తే వైన్ కంపెనీలు కొంటాయా?

మదనపల్లె దగ్గర రెండెకరాలుంది, బెంగళూరు బ్లూ వేసి వైన్ కంపెనీకి అమ్ముకోవచ్చా అని అడిగారు. మాది చిక్కబళ్లాపురం పక్క పల్లె. ఇంట్లో తెలుగు, తోటలో ఈ నల్లద్రాక్ష. మా నాన్న నాటిన తీగలే ఇంకా కాస్తున్నాయి.

ముందు కొనేవాళ్లను చూసుకోండి, గుంతలు తర్వాత తవ్వొచ్చు. సీసా మీద షిరాజ్, కాబెర్నే అని వైన్ ద్రాక్ష రకాల పేర్లు రాసుకునే కంపెనీలు మన కాయ వైపు చూడవు. దీని తీపి 16 నుంచి 18 బ్రిక్స్ (రసంలో చక్కెరను కొలిచే లెక్క) దగ్గరే ఆగిపోతుంది, పైగా ఆ ఘాటు వాసన. ఇది అమెరికా నుంచి వచ్చిన ఇసబెల్లా రకమే. ఫ్రాన్స్‌లో 1934లో దీన్ని నిషేధించారు కూడా! మన దగ్గర మాత్రం ఆ వాసనే దీని గుర్తింపు. పోర్టు లాంటి తియ్యటి వైన్‌కు, జ్యూసుకు పోతుంది. క్రిస్మస్‌కు బెంగళూరు ఇళ్లల్లో పెట్టుకునే వైన్ కూడా ఎక్కువగా దీంతోనే. 2013లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు పంట అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కానీ అది బెంగళూరు చుట్టుపక్కల జిల్లాలకే. మీ ఊళ్లో పండిన కాయకు ఆ ముద్ర వేసుకోలేరు.

సాగు విషయానికొస్తే మొండి తీగ. కొమ్మ గుచ్చితే వేరు పట్టేస్తుంది. రాతి స్తంభాలు, తీగల పందిరి ఖర్చే పెద్దది. సరిగ్గా కటింగ్ చేసుకుంటే ఏడాదికి రెండు కాపులు. పక్షికన్ను తెగులును బాగానే తట్టుకుంటుంది. బూజు తెగులుకు మాత్రం లొంగిపోతుంది.

అది నా సొంత డబ్బుతో నేర్చుకున్న పాఠం. ఒక ఏడు పూత మీద ముసురు పట్టింది. ఆకు పైన నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చలు కనిపించాయి. ఎండ వస్తే పోతాయిలే అనుకున్నా. మూడో రోజు పొద్దున ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లగా, పిండి చల్లినట్టు. అప్పటికే పూగుత్తులు గోధుమరంగుకి తిరిగి, చెయ్యి తగిలితే రాలుతున్నాయి. ఆ కాపులో సగం పోయింది.

ఇప్పుడు మబ్బు పట్టగానే 1% బోర్డో మిశ్రమం కొట్టేస్తా. వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోయాలి. కలిపాక ఇనప కొడవలి ఒక నిమిషం ముంచి తీయండి. మొన మీద ఎర్రగా రాగి పట్టిందంటే ఇంకాస్త సున్నం పడాలి, లేకపోతే ఆకు మాడిపోతుంది. మందు ఆకు అడుగుకు తగిలేలా కొట్టండి. పైపైన కొట్టి ఇంటికొచ్చేస్తే కూలి దండగ.

కొనేవాళ్లు కుదిరాక రాయండి. మా కటింగ్ సమయానికి వస్తే కొమ్మలు కట్ట కట్టి పెడతా, డబ్బులేమీ వద్దు.