గోడ సాకెట్ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

సొంతంగా కంప్యూటర్ కట్టుకుంటానని నువ్వు పంపిన విడిభాగాల జాబితా అందింది. రెండుసార్లు శ్రద్ధగా చదివాను. చదువుకీ, మీ కాలేజీ మిత్రులతో కలిసి తీస్తున్న లఘుచిత్రాల ఎడిటింగుకీ ఇది కావాలని, మానిటర్ ఎలాగూ ఉంది కాబట్టి 70 వేల రూపాయల్లో మిగతాదంతా అమర్చుకోవాలని రాశావు. ఆలోచన మంచిదే. అయితే నీ జాబితా గ్రాఫిక్స్ కార్డుతో మొదలై, చిట్టచివర "క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్‌ఎంపీఎస్" అన్న మాటతో ముగిసింది. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటును లోపలి భాగాలకు తగిన వోల్టేజీలుగా మార్చి ఇచ్చే పెట్టె. ఇరవై ఏడేళ్ళు కంప్యూటర్లు బాగుచేసిన నాకు ఆ చివరి మాటే ముందు కళ్ళబడింది, ఎందుకంటే నా బల్ల మీదికి ప్రాణం పోయి వచ్చిన యంత్రాల్లో చాలావాటిని చంపింది తక్కువ రకం ప్రాసెసర్ కాదు, సరిలేని కరెంటు. అందుకే నీ జాబితాను కింది నుంచి పైకి, అంటే మీ గదిలోని గోడ సాకెట్ నుంచి లోపలికి నడుచుకుంటూ సరిచేస్తాను.

మీరు ఇప్పుడుంటున్న మలక్‌పేట ఇల్లు పాతది. మొన్న వచ్చినప్పుడు నీ గదిలో లాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా దాని లోహపు మూత మీద వేలు రాస్తే సన్నగా చిమచిమలాడింది. నువ్వు అది మామూలేనన్నావు. కొన్ని చార్జర్లకు ఎర్త్ పిన్నే ఉండదు కాబట్టి లాప్‌టాప్ విషయంలో అది కొంతవరకు మామూలే కావచ్చు, కానీ లోహపు క్యాబినెట్ ఉన్న డెస్క్‌టాప్ అలా చిమచిమలాడిందంటే ఆ సాకెట్‌కు ఎర్తింగ్ అందడం లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు లోపలికి వచ్చేచోట చిన్న కెపాసిటర్లు రెండు ఉంటాయి. కరెంటుతో పాటు వచ్చే అలజడిని అవి ఎర్త్‌లోకి దింపుతాయి. ఎర్త్ తీగ తెగిపోయి ఉంటే దిగడానికి దారి లేక, సరఫరా వోల్టేజీలో సుమారు సగం క్యాబినెట్ రేకు మీద నిలబడుతుంది. కరెంటు స్వల్పమే కాబట్టి మనిషికి చిమచిమతో పోతుంది గాని, యూఎస్‌బీ తీగో, మానిటర్ తీగో తగిలించే క్షణంలో అదే మదర్‌బోర్డు పోర్టును కాల్చగలదు. అందువల్ల ఒక్క భాగం కూడా కొనక ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, ఆ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించు. రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిది. అంతకు మించి ఉన్నా, ఎర్త్ లేనే లేదని తేలినా ఇంటి ఓనరుగారితో మాట్లాడి ముందు అది బాగుచేయించండి. ఈ ఖర్చు ఏ జాబితాలోనూ కనబడదు, అయినా నా లెక్కలో మొదటి విడిభాగం ఇదే.

ఇక ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చేదాన్ని తీసుకోవద్దు. అలాంటిది ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. డబ్బా మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది, పక్కన అంటించిన కాగితంలో మాత్రం 12 వోల్టుల గడి కింద 16 ఆంపియర్లని సన్నగా ఉంది. పన్నెండును పదహారుతో గుణిస్తే 192 వాట్లు. ఈనాటి కంప్యూటర్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తీసుకునేది 12 వోల్టుల నుంచే కాబట్టి, అది నిజానికి ఇవ్వగలిగింది ఆ 192 మాత్రమే. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద అదే గడిలో దాదాపు 45 ఆంపియర్లు ఉంటాయి. కొట్టులో డబ్బా తిప్పించి ఈ లెక్క నువ్వే చేసుకో. '80 ప్లస్ బ్రాంజ్' అన్న ముద్ర చూసి మాత్రమే తృప్తిపడకు. సగం లోడు దగ్గర, గోడ నుంచి తీసుకున్న కరెంటులో సుమారు 85 శాతాన్ని వృథా కాకుండా లోపలికి ఇస్తుందన్నదే దాని అర్థం. లోపల వాడిన సరుకు ఎంత మన్నుతుందో ఆ ముద్ర చెప్పదు. అది తెలిపేది వారంటీ. ఐదేళ్ళకు తక్కువ వారంటీ ఉన్నదాన్ని తీసుకోవద్దు. నీ అవసరానికి 550 వాట్లు చాలా ఎక్కువే. ఐ5 12400 ప్రాసెసర్ గట్టిగా పనిచేసే వేళ 117 వాట్ల దాకా, నువ్వు రాసిన ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్ల దాకా తీసుకుంటాయి. మిగతావన్నీ కలిపి యాభై వేసుకున్నా 300 దాటదు.

ఎస్‌ఎంపీఎస్ తీగల గురించి ఒక మాట చెప్పాలి, ఇది నా చేతులతో చేసిన తప్పు. మీ తాతయ్య సహస్ర చంద్రదర్శనం వీడియో మన ఇంట్లో ఎందుకు లేదని ఒకసారి అడిగావు, గుర్తుందా? అప్పట్లో మా ఇంటి కంప్యూటర్‌కు పాత ఎస్‌ఎంపీఎస్ తీసేసి కొత్తది పెట్టాను. రెండూ విడదీసే తీగలున్న రకమే. హార్డ్ డిస్కుకు వెళ్ళే పాత తీగ చక్కగా సర్ది ఉంది కదా, మళ్ళీ లాగడం ఎందుకని దాన్ని అలాగే ఉంచి, రెండో కొసను కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో పెట్టాను. బిగుతుగా, సరిగ్గా కూర్చుంది. స్విచ్చి వేయగానే కాలిన వాసన వచ్చింది, డిస్కు మళ్ళీ తిరగలేదు. డిస్కు వైపు కొస అన్ని కంపెనీలకూ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో మాత్రం పిన్నుల వరుస ఎవరిది వారిదే. ఐదు వోల్టులు రావలసిన పిన్నులోకి పన్నెండు వచ్చింది. ఆ వీడియోకు రెండో ప్రతి లేదు. కాబట్టి ఏ ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో వచ్చిన తీగలను దానికే వాడాలి. మిగిలిన తీగలను వేరే సంచిలో వేసి, అది ఏ ఎస్‌ఎంపీఎస్‌దో పేరు రాసి దాచు. ఒక్క ప్రతితో ఊరుకోకూడదని కూడా ఆనాడే నేర్చుకున్నాను, ఆ సంగతి కిందికి వస్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి యూపీఎస్ అక్కర్లేదని నాన్న అన్నాడట. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోగా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉంటే అది వేసి చూడవచ్చు, అయినా మే నెల గాలివానల్లో కరెంటు పదిసార్లు వచ్చిపోయే మన ఊళ్ళో దాన్నే నమ్ముకోమని నేను చెప్పను. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే. మానిటర్‌ను కూడా కలిపితే నీ యంత్రం ఆ అంచుకు వచ్చేస్తుంది. 1000 వీఏ తీసుకో. బ్యాటరీ రెండు మూడేళ్ళకు మార్చవలసి వస్తుందని ఇప్పుడే లెక్కలో వేసుకో.

ఇప్పుడు ప్రాసెసర్ దగ్గరికి వద్దాం. నువ్వు రాసింది 12400ఎఫ్. ఆ చివరి 'ఎఫ్' అక్షరానికి లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. కొంచెం ధర తగ్గుతుందని అందరూ అదే కొంటున్నారు, నీకు మాత్రం అది నష్టం. మీ చిత్రాలన్నీ ఫోన్లతో తీస్తున్నారు, ఫోన్లు హెచ్265 అనే పద్ధతిలో కుదించి దాచే వీడియోను విప్పడం ప్రాసెసర్‌కు బరువైన పని. ఎఫ్ లేని 12400లో ఆ పనికోసమే క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఉంది, దాన్ని వాడుకోగలిగిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ తడబడకుండా సాగుతుంది. అంతకన్నా ముఖ్యం, గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా, పాడై సర్వీసుకు వెళ్ళినా నీ మానిటర్ వెలుగుతుంది. కాబట్టి ఎఫ్ కొట్టేసి 12400 అని రాసుకో.

ఇది ఇంటెల్ 2021లో తెచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్‌ది. ఇక్కడ సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. ఆ సాకెట్‌కు 14వ తరం ప్రాసెసర్లతో దారి ముగిసింది. 2022లో వచ్చిన ఏఎండీ సాకెట్ ఏఎం5 తీసుకుంటే ముందుముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు ఎక్కువని నీ మిత్రుడు చెప్పాడట, అది నిజమే. కానీ ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 ర్యామ్ తప్ప మరొకటి పట్టదు, 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో నువ్వే చూస్తున్నావు. నా దగ్గర 16 జీబీ డీడీఆర్4 స్టిక్కులు రెండు, ఒకే జత, ఖాళీగా ఉన్నాయి. అవి నీకిస్తాను. ఈ ఒక్క కారణంతోనే నీ విషయంలో పాత సాకెట్ వైపు మొగ్గుతున్నాను. ఆ జత లేకపోతే నీ మిత్రుడి మాటే వినమనేవాణ్ణి.

అయితే నీ జాబితాలో ఉన్న బీ760 బోర్డు డీడీఆర్5 రకం. ఒకే పేరుతో రెండు రకాలూ అమ్ముతారు, డీడీఆర్4 రకానికి సాధారణంగా పేరు చివర 'డీ4' అని ఉంటుంది. రెండు ర్యాములకూ పిన్నులు 288 చొప్పునే, గాటు ఉండే చోటు మాత్రం వేరు, అందుకే ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. నాలుగు ర్యామ్ స్లాట్లున్న మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న కొలత బోర్డు చాలు. హెచ్610 బోర్డు చవకే గాని రెండే స్లాట్లు ఉంటాయి, రేపు మరో జత వేసుకోవాలంటే వీలుండదు. కొట్టులో నువ్వు తప్పనిసరిగా చేయవలసిన పని ఒకటుంది. బోర్డు డబ్బా నీ ముందే తెరిపించి, సాకెట్ మీది నల్ల మూతను కొట్టు అతనితోనే తీయించి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి లోపలి పిన్నులు చూడు. అన్నీ ఒకే వాలుగా, నాటిన వరినారులా వరుసగా మెరవాలి. ఎక్కడైనా ఒక్క చుక్క వేరే దిక్కుకు మెరిస్తే అక్కడ పిన్ను వంగిందని అర్థం. మంచిగా ఉన్నా సరే ఒక ఫొటో తీసుకో. వంగిన పిన్నుకు వారంటీ వర్తించదు, వంగింది నీ ఇంట్లో కాదని తరువాత ఎవరికీ చెప్పుకోలేవు.

నిల్వకు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ సరైన ఎంపిక. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్ళెం లేని డిస్కు, ఎన్‌వీఎంఈ, సాటా అన్నవి అది బోర్డుతో మాట్లాడే రెండు పద్ధతులు. ఎం.2 అనే చిన్న పట్టీ ఆకారంలో ఉన్నంత మాత్రాన అన్నీ ఎన్‌వీఎంఈ కావు. సాటా రకం సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, సాధారణ ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళుతుంది. ఐదేళ్ళ వారంటీ ఉన్నది చూసుకో. దానితో పాటు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఒకటి తప్పనిసరి. షూటింగ్ నుంచి వచ్చిన రాత్రే ఫుటేజీ రెండు చోట్లా చేరాలి. రెండో ప్రతిని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టు.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనవద్దని నా సలహా. ఇది నీకు నచ్చదని తెలుసు, జాబితా దానితోనే మొదలుపెట్టావు. రెండు నెలలు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఒక చిత్రం ఎడిట్ చేసి చూడు. కోతలు, అతుకులు, శబ్దం సరిచేయడం వరకైతే అది సరిపోవచ్చు. రంగులు దిద్దడం, ఎఫెక్టులు ఎక్కువై యంత్రం ఆగిపోతూ ఉంటే, ఏ పని దగ్గర ఆగుతోందో అప్పటికి నీకే తెలుస్తుంది. అప్పుడు 8 జీబీకి తగ్గని మెమరీ ఉన్న కార్డు చూద్దాం. ఈలోగా ఆ డబ్బు ఎస్‌ఎంపీఎస్‌కూ, యూపీఎస్‌కూ, రెండో డిస్కుకూ సరిపోయి ఇంకా మిగులుతుంది.

క్యాబినెట్ గురించి ఎక్కువ ఆలోచించకు. ముందు వైపు అద్దం కాకుండా జాలీ ఉండాలి, దుమ్ము వల తీసి కడుక్కునేలా ఉండాలి, రెండు మూడు ఫ్యాన్లు ఉండాలి. రంగురంగుల దీపాలు నీ ఇష్టం.

కొనడానికి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పనిదినాన ఉదయమే వెళ్ళు. మెట్రోలో ప్యారడైజ్ దగ్గర దిగితే నడకదూరమే. మొదటి కొట్టులోనే కొనేయకుండా, ఒకే జాబితాకు మూడు నాలుగు చోట్ల కాగితం మీద కొటేషన్ రాయించుకో. ఒకరు బాగా తక్కువ చెబితే అది ట్రే ప్రాసెసరా (కంపెనీ డబ్బా లేకుండా విడిగా అమ్మేది), డబ్బాదా అని అడుగు. ట్రే సరుకుకు ఫ్యాను రాదు, కంపెనీ నుంచి నేరుగా మనకు వారంటీ ఉండదు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ వేయించి, అక్కడే డబ్బాలతో సరిచూసుకో. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల పెద్ద ఇంటెల్ ప్రాసెసర్లు చవకగా చూపిస్తే దూరంగా ఉండు. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ సంస్థే ఒప్పుకుని వారంటీని రెండేళ్ళు పొడిగించింది, అప్పటికే దెబ్బతిన్నదాన్ని తరువాత వచ్చిన బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) మార్పులు బాగుచేయవు.

బిగించే పని నువ్వే చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను. ఆదివారం ఉదయం వస్తాను. ఎలక్ట్రీషియన్ చెప్పిన వోల్టేజీ అంకెను, మార్చిన జాబితాను శుక్రవారంలోగా ఫోన్‌లో పంపు. అంకె ఎక్కువగా ఉంటే ఆ ఆదివారం ఎర్తింగ్ పనే చూద్దాం, డబ్బాలు ఆగుతాయి. ర్యామ్ స్టిక్కులను యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి ఉంచాను. వాటిని నాతోనే తెస్తాను, ఎవరిచేతా పంపను.

ఆశీస్సులతో,
పెదనాన్న