రోమ్‌లో ఎండాకాలం నడక: సుధకు పెద్దమ్మ ఉత్తరం

చి.సౌ. సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. జులైలో అల్లుడితో, మీ అత్తగారితో కలిసి రోమ్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని ఆ ఊళ్లో కాపురం చేసినదాన్ని, నాలుగు మాటలు రాస్తే నీకు పనికొస్తాయి.

"విజయవాడ ఎండలు చూసినవాళ్ళం, రోమ్ ఎండ మాకో లెక్కా" అన్నావట. ఎండ సంగతికేం, 33, 35 డిగ్రీలు మామూలే, వడగాడ్పులొస్తే ఇంకా పైకి పోతుంది. కానీ విజయవాడలో మిట్టమధ్యాహ్నం నాలుగు గంటలపాటు ఎవరు నడుస్తారమ్మా? తలుపులేసుకుని పడుకుంటాం. అంత డబ్బు పెట్టి వచ్చాం కదా, ఒక్క గంట కూడా వృథా కాకూడదని రోమ్‌లో మాత్రం తిరుగుతాం. మూడో రోజుకి అందరూ మంచాన పడతారు. ఇంకో సంగతి. వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. అసలు వేడి మూడు, నాలుగు గంటలప్పుడే. కాబట్టి ఒంటిగంటకల్లా రూమ్‌కి చేరి, స్నానం చేసి, ఐదుదాకా పడుకోండి. అందుకే రూమ్ ఊరి నడిబొడ్డున తీసుకో. చవగ్గా వచ్చిందని ఎక్కడో శివార్లలో తీసుకుంటే మధ్యాహ్నం వెనక్కి రాలేరు. ఏసీ ఉందో లేదో బుక్ చేసేముందే చూడు, ఉంటుందిలే అనుకోకు.

కొలోసియం, దాని పక్కనే ఉన్న పాత రోమ్ శిథిలాలు (ఫోరమ్ అంటారు) పొద్దున్నే, తలుపులు తీసే వేళకి టికెట్ తీసుకో. టికెట్ మీద పేర్లుంటాయి, పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. ఫోరమ్‌లో నీడన్నది దాదాపు లేదు. అది ముందు ముగించి, అదే టికెట్ మీద పక్కనున్న పాలటైన్ గుట్ట ఎక్కితే పైన్ చెట్ల కింద కూర్చోవచ్చు. ట్రెవి ఫౌంటెన్ పొద్దున ఏడింటిలోపు చూడు, తర్వాత తలలు తప్ప ఏమీ కనపడవు.

కాళ్ళ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. పాత వీధులన్నీ నల్లటి అగ్నిశిల ముక్కలు పరిచినవి, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. పలచటి చెప్పులతో నడిస్తే సాయంత్రానికి అరికాళ్ళు సలపరిస్తాయి. కొత్త బూట్లు కొనుక్కుని విమానం ఎక్కొద్దు, నెల ముందు నుంచి వేసుకుని తిరిగినవే తీసుకెళ్ళండి. చీర కింద బూట్లేమిటని మీ అత్తగారు మొహమాటపడతారు. అక్కడ ఎవరూ పట్టించుకోరని చెప్పు. నిజానికి చీరే నయం: వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్‌లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటేనే రానిస్తారు. ఆవిడ నిక్షేపంగా లోపలికి వెళ్తారు, నిక్కరు వేసుకొచ్చిన అల్లుడే గుమ్మం దగ్గర ఆగిపోతాడు!

నీళ్ళ సీసాలు కొని డబ్బు తగలెయ్యకు. ఊరంతా కలిపి దాదాపు 2,500 వీధి కుళాయిలున్నాయి, నసోని అంటారు. పొట్టి ఇనుప స్తంభం, వంపు తిరిగిన గొట్టం, రాత్రీ పగలూ పారే చల్లటి మంచినీళ్ళు. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మొదటిసారి మొహం తడుస్తుంది, ఆ ఎండలో అదీ హాయే. సీసా నింపుకునేటప్పుడు చేతిరుమాలు కూడా తడిపి మెడకి చుట్టుకోండి.

పాంథియన్ అనే పాతకాలపు రోమన్ గుడి ఒక్కటి మాత్రం మధ్యాహ్నం రూమ్‌కి వెళ్ళేముందు చూడండి, ఆ రోజు కాస్త ఆలస్యమైనా పర్లేదు. గోపురం నడినెత్తిన దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పున్న కన్నం, పైన మూత లేదు. పొద్దున గోడ మీదున్న ఎండ ముక్క ఒంటిగంట ప్రాంతంలో నేల మీదికి దిగి ఉంటుంది. వాన కూడా అందులోంచే లోపల పడుతుంది, నీళ్ళు పోవడానికి నేలకి చిల్లులున్నాయి, వెతికి చూడు. అక్కడికి దగ్గర్లోనే సాన్ లుయిజి చర్చిలో కారవాజ్జియో అనే పాతకాలపు చిత్రకారుడు గీసిన సెయింట్ మాథ్యూ బొమ్మలు మూడున్నాయి. చిన్న చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు, వేళలు ముందే చూసుకో. ఆ బొమ్మలున్న మూలంతా చీకటి. పెట్టెలో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. చిల్లర ఉంచుకో. బద్ధకమైతే ఇంకొకరు వేసేదాకా ఆగు, నేనూ అదే చేసేదాన్ని.

సాయంత్రం మీ సొంతం. ఎనిమిదిన్నర దాటితేగాని పొద్దు గూకదు. ఆవెంటైన్ గుట్ట మీద నారింజ తోటకి టాక్సీలో వెళ్ళి, దిగేటప్పుడు నడవండి. అక్కడినుంచి టైబర్ నది, అవతల సెయింట్ పీటర్స్ గోపురం కనపడతాయి. స్పానిష్ మెట్ల మీద మాత్రం అత్తగారిని కూర్చోబెట్టకు, 2019 నుంచి జరిమానా వేస్తున్నారు.

బాత్రూమ్ కోసం టెన్షన్ పడొద్దు. ఏదో ఒక బార్‌లోకి వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ తాగి, అడిగి వాడుకోవడమే. అక్కడ బార్ అంటే కాఫీ కొట్టేలే. కూర్చుంటే అదే కాఫీకి ధర పెరుగుతుంది. తిండికి, కత్తెరతో కత్తిరించి తూకానికి అమ్మే పిజ్జా చాలు. సుప్లీ అని వేడివేడి అన్నం ఉండలు కనపడతాయి, లోపల మాంసం ఉండొచ్చు, అడక్కుండా అత్తగారికి పెట్టకు.

ఇక్కడినుంచి ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక గొడుగు పట్టుకెళ్ళు. అత్తగారు బీపీ మాత్రలు వేసుకుంటారు కదా, వాటిలో కొన్ని ఒంట్లో నీటిని లాగేస్తాయి. ఎండలో అంత తిరుగుతామని చెప్పి, ఈ వారంలోనే డాక్టర్ని ఒకమాట అడగండి.

మీ
పెద్దమ్మ